మా డాబా మీదికి అంతరిక్షం గొంతు వస్తుందా మాస్టారూ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. భూమి చుట్టూ తిరుగుతున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్ళతో బడి పిల్లలు హ్యామ్ రేడియోలో మాట్లాడటం గురించి. హ్యామ్ రేడియో అంటే వ్యాపారానికి కాకుండా, లైసెన్స్ తీసుకుని సరదా కొద్దీ నడిపే రేడియో. అలా నడిపేవాళ్ళని హ్యామ్‌లు అంటారు. గోదావరి జిల్లాల హైస్కూళ్ళలో ముప్పై ఒక్క ఏళ్ళు ఫిజికల్ సైన్స్ చెప్పాను. హ్యామ్ లైసెన్స్ తీసుకుని కూడా దాదాపు అన్నేళ్ళయింది. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి, పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, శుభాంశు శుక్లా గారు అంతరిక్ష కేంద్రం నుంచి బెంగళూరులోని పిల్లలతో రేడియోలో మాట్లాడారని మా సైన్స్ టీచర్ చెప్పారు. ఫోను కాదు, ఇంటర్నెట్ కాదు అన్నారు. మధ్యలో టవర్లు లేకుండా అంత దూరం గొంతు ఎలా వస్తుంది?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, చీరాల

జవాబు: టవర్ ఎందుకు కావాలో ముందు ఆలోచించు తల్లీ. నేల మీద నుంచి నేల మీదికి మాట్లాడేటప్పుడు ఇళ్ళు అడ్డం, చెట్లు అడ్డం, కొండలు అడ్డం. పోగా పోగా భూమి గుండ్రమే అడ్డం. అందుకని అక్కడక్కడా ఎత్తున టవర్ నిలబెట్టి అందించుకుంటూ పోతాం. అంతరిక్ష కేంద్రం ఉన్నదే 400 కిలోమీటర్ల ఎత్తున. విజయవాడ నుంచి చెన్నైకి రైల్లో వెళ్ళినంత దూరం, కాకపోతే నిటారుగా పైకి. నీ నెత్తి మీదికి వచ్చినప్పుడు దానికీ నీకూ మధ్య గాలి తప్ప ఏముంది? కొద్ది వాట్ల రేడియో చాలు.

శుక్లా గారు 2025 జూన్ 25న బయల్దేరి, మరుసటి రోజు కేంద్రంలో అడుగుపెట్టారు. ఆ కేంద్రంలోకి వెళ్ళిన మొదటి భారతీయుడు ఆయనే. జులై 4న బెంగళూరులో ఇస్రో వారి యు.ఆర్. రావు శాటిలైట్ సెంటర్‌లో రేడియో స్టేషన్ ఏర్పాటు చేసి పిల్లలతో మాట్లాడించారు. సమయం మధ్యాహ్నం 3 గంటల 47 నిమిషాలు అని ముందే ప్రకటించారు. 'సుమారు నాలుగింటికి' అనలేదు చూశావా? ఆ 47 నిమిషాలు అన్న మాటలోనే ఈ వ్యవహారమంతా ఉంది.

కేంద్రం గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పోతుంది. పడమటి దిక్కున ఏదో ఒక మూల దిగంతం మీద లేస్తుంది, తూర్పు వైపు దిగిపోతుంది. లేచిన దగ్గర్నుంచి మునిగేదాకా మహా అయితే పది నిమిషాలు. దీన్నే మా హ్యామ్‌లు 'పాస్' అంటారు. ఆ పది నిమిషాల్లోనే పలకరింపు, ప్రశ్నలు, జవాబులు, వీడ్కోలు అన్నీ. అయిపోయాక కాసేపు ఆగండి అనడానికి ఎవరికీ వీల్లేదు, ఆ కేంద్రంలో ఉన్నవాళ్ళకి కూడా.

ఇంకో విషయం. మీ చీరాల స్టేషన్‌లో ఆగని ఎక్స్‌ప్రెస్ కూత వేసుకుంటూ వస్తుంటే, దగ్గరికి వచ్చేటప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా. పదో తరగతి దాటాక డాప్లర్ ప్రభావం అని చదువుతావు. రేడియోకీ అంతే. కేంద్రం నుంచి గొంతు వచ్చే ఫ్రీక్వెన్సీ 145.800 మెగాహెర్ట్జ్. కానీ అది మన వైపు వస్తున్నప్పుడు 145.803 దగ్గర, దూరమవుతున్నప్పుడు 145.797 దగ్గర తగులుతుంది. ఆపరేటర్ దాన్ని పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పుతూ ఉంటాడు. పాఠంలో రెండు మార్కుల ప్రశ్న, ఇక్కడ మన వేళ్ళ కింద కదులుతుంది. నాకు ఈ హాబీ మీద ఇంత ప్రేమ ఎందుకంటే ఇదే కారణం.

మరి రేడియోలో మాట ముగించిన ప్రతిసారీ 'ఓవర్' ఎందుకంటారు? ఫోనులోలాగా ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం కుదరదు. మీట నొక్కితే మాట్లాడతావు, వదిలితే వింటావు. నా మాట అయిపోయింది, ఇక మీరు చెప్పండి అని అవతలివాళ్ళకి తెలియాలి కదా. అందుకు.

ప్రశ్న: సాయంత్రం పూట ఆకాశంలో మెరుస్తూ కదిలిపోయే చుక్క అంతరిక్ష కేంద్రమేనా? మధ్యలోనే మాయమైపోతుందేం?
– ఓ గృహిణి, నిజామాబాద్

జవాబు: మిణుకుమిణుకుమనకుండా, ఎరుపు పచ్చ లైట్లు లేకుండా, శుక్రుడంత కాంతితో సాఫీగా వెళ్తుంటే చాలావరకు అదేనమ్మా. అది వెలిగేది సొంత దీపంతో కాదు. మనకు చీకటి పడ్డా, పైన దాని మీద ఇంకా ఎండ పడుతుంటుంది. పోతూ పోతూ భూమి నీడలోకి దూరగానే కంటికి ఆరిపోతుంది. రేడియోకి మాత్రం ఆరదు. చుక్క మాయమయ్యాక కూడా గొంతు వస్తూనే ఉంటుంది. చీకట్లో డాబా మీద నిలబడి అలా విన్నప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చవగ్గా వాకీటాకీ దొరికితే కొన్నాను సార్. 145.800లో పెట్టి పది రోజుల నుంచి అంతరిక్ష కేంద్రాన్ని పిలుస్తున్నాను. ఎవరూ పలకడం లేదు. యాంటెన్నా మార్చాలా?
– ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థి, ఖమ్మం

జవాబు: యాంటెన్నా సంగతి తర్వాత. ముందు ఆ సెట్టు ఆఫ్ చేసి బ్యాటరీ తీసి పక్కన పెట్టు నాన్నా. లైసెన్స్ లేకుండా మీట నొక్కడం మన దేశంలో నేరం. అలాంటి సెట్టు కొనడానికీ లైసెన్స్ ఉండాలి. దుకాణం వాడు అడగలేదు కాబట్టి ఫర్వాలేదనుకోకు.

రెండోది, 145.800 అన్నది పైనుంచి కిందికి వచ్చే దారి. అక్కడివాళ్ళు ఆ ఫ్రీక్వెన్సీలో వినరు, పంపిస్తారు. కింద ఎంతోమంది చెవులు రిక్కించి వినేది కూడా అక్కడే. నువ్వు అక్కడ పిలిస్తే వాళ్ళందరి చెవుల్లో అరిచినట్టు. పిల్లల కార్యక్రమం జరిగేటప్పుడు పైకి పంపే ఫ్రీక్వెన్సీని బయటకు చెప్పకపోవడానికి కారణం కూడా ఇదే. ఒక్కడు తెలిసో తెలియకో మధ్యలో మీట నొక్కితే, ఏడాది ఎదురుచూసిన పిల్ల ప్రశ్న ఆ రొదలో పోతుంది.

నీ ఉత్సాహం నాకు అర్థమైంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. పన్నెండేళ్ళు నిండితే లైసెన్స్ పరీక్ష రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ అనే లైసెన్స్‌కి మోర్స్ కోడ్, అంటే చుక్కలూ గీతలతో కబురు పంపే పద్ధతి, కూడా అక్కర్లేదు. కొంచెం ఎలక్ట్రానిక్స్, కొంచెం నిబంధనలు. ఇంటర్‌లో ఎంపీసీ చదివేవాడికి అది పెద్ద టెన్షన్ కాదు. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అని ఉంది. ఎలా చదవాలో, ఎక్కడ రాయాలో వాళ్ళని అడుగు. కాల్ సైన్, అంటే లైసెన్స్‌తో ఇచ్చే రేడియో పేరు, చేతికొచ్చిన రోజు నాకు ఉత్తరం రాయి.

ప్రశ్న: మా కాలంలో టెలిగ్రాఫ్ ఆఫీసులో 'కట్ట కడ' అంటూ మోర్స్ కొడుతూ జీవితం గడిపాను. ఇప్పుడు ప్రతి చేతిలో వీడియో కాల్ ఉంది. అంతరిక్షం నుంచి వీడియోలో కూడా మాట్లాడుతున్నారు. ఇంకా ఈ గరగరలాడే రేడియో ఎందుకు మాస్టారూ?
– రిటైర్డ్ టెలిగ్రాఫ్ ఉద్యోగి, మచిలీపట్నం

జవాబు: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీట మీద వేలు పెట్టి బతికినవారు అడిగిన ప్రశ్న కాబట్టి, కాస్త వివరంగా చెబుతాను.

1983లో అమెరికా వారి అంతరిక్ష నౌక కొలంబియా షటిల్‌లో ఓవెన్ గారియట్ అనే వ్యోమగామి వెళ్ళారు. ఆయన హ్యామ్. చేతిలో పట్టే చిన్న సెట్టు, కిటికీకి ఆనించే యాంటెన్నా, అంతే సరంజామా. తీరిక వేళల్లో కిందనున్న హ్యామ్‌లతో మాట్లాడారు. అంతరిక్షం నుంచి మాట్లాడటమంటే అప్పటిదాకా ప్రభుత్వ కేంద్రాలతోనే. మొదటిసారి ఒక మామూలు మనిషి తన ఇంట్లో తాను కట్టుకున్న స్టేషన్ నుంచి పలికాడు. 2008లో ఆయన కొడుకు రిచర్డ్ కూడా అంతరిక్షానికి వెళ్ళి హ్యామ్ రేడియోలోనే మాట్లాడారు. 1985 నుంచి షటిల్‌లోని వ్యోమగాములతో బడి పిల్లలను మాట్లాడించడం మొదలైంది. అంతరిక్ష కేంద్రంలో కాపురం పెట్టిన మొదటి బృందం నాయకుడు బిల్ షెపర్డ్ 2000 డిసెంబర్ 21న అమెరికాలో ఇల్లినాయ్‌లోని ఒక బడి పిల్లలతో మాట్లాడారు. వాళ్ళు అక్కడికి చేరి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. ఇంకా సామాన్లు సర్దుకుంటున్న ఇంట్లోకి మొదట పిలిచిన చుట్టాలు పిల్లలే అన్నమాట. 2016 నాటికే ఇలాంటి సంభాషణలు వెయ్యి దాటాయి.

వీడియో కాల్‌కి మధ్యలో ఉపగ్రహాలు, గ్రౌండ్ స్టేషన్లు, ఆఫీసులు, కంపెనీలు. పిల్లవాడికి కనిపించేది తెర ఒక్కటే. ఇక్కడ యాంటెన్నా కళ్ళముందు తిరుగుతుంటుంది. గొంతు మొదట గరగరలో మునిగి, మెల్లగా తేలి, నడినెత్తిన స్ఫటికంలా వినపడి, మళ్ళీ గరగరలో కలిసిపోతుంది. అది ఎక్కడ లేచిందో, ఎక్కడ దిగిందో చెవితో తెలుస్తుంది. ఆ గరగర పాఠానికి అడ్డు కాదండీ, పాఠంలో అది సగం.

అవసరం సంగతి కూడా ఉంది. 2004 డిసెంబర్ సునామీ నాడు హైదరాబాద్‌లోని ఆ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు హ్యామ్ కార్యక్రమం మీద అండమాన్‌లోనే ఉన్నారు. మిగతా సంబంధాలన్నీ తెగిపోయిన ఆ రోజుల్లో ఆమె రేడియో నుంచి కబుర్లు బయటకు వచ్చాయి. ఆ తర్వాత కొద్ది నెలలకే, 2005 మే 5న, శ్రీహరికోట నుంచి ఇస్రో హ్యామ్‌ల కోసమే హ్యామ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహాన్ని పంపింది. 42 కిలోల పైచిలుకు బరువు. తొమ్మిదేళ్ళు పనిచేసింది. నేను దాని మీద మాట్లాడిన మాటలు ఇప్పటికీ లాగ్ పుస్తకంలో ఉన్నాయి. ఎప్పుడైనా రాజమండ్రి వస్తే చూపిస్తాను. మీ మోర్స్ కూడా వినాలని ఉంది.

ప్రశ్న: నేను మారుమూల ప్రభుత్వ హైస్కూల్లో సైన్స్ టీచర్‌ని. మా పిల్లలతో వ్యోమగామిని మాట్లాడించాలని కోరిక. మాలాంటి బడికి అవకాశం ఉంటుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఉపాధ్యాయురాలు, పార్వతీపురం

జవాబు: ఉంటుందమ్మా. 'అరిస్' అని, అంతరిక్ష కేంద్రంలో హ్యామ్ రేడియో నడిపే అంతర్జాతీయ స్వచ్ఛంద బృందం ఉంది. అంతరిక్ష సంస్థల సహకారంతో వాళ్ళే ఈ సంభాషణలు ఏర్పాటు చేస్తారు. కొన్ని నెలలకోసారి దరఖాస్తులు తీసుకుంటారు. మాట్లాడించినందుకు డబ్బు అడగరు. అడిగేది ప్రణాళిక: ఆ పది నిమిషాల చుట్టూ పిల్లలకి ఏడాది పొడవునా ఏం నేర్పబోతున్నారు అని. దగ్గర్లోని హ్యామ్‌లు రేడియో, తిరిగే యాంటెన్నా, ఒకటి చెడితే ఇంకొకటి అన్నట్టు అన్నీ రెండేసి సిద్ధం చేయాలి. అది కుదరకపోతే వేరే దేశంలోని స్టేషన్ కేంద్రంతో మాట్లాడుతుంటే, ఫోను లైను ద్వారా మీ పిల్లలను కలుపుతారు. పిల్లలకి లైసెన్స్ అక్కర్లేదు. లైసెన్స్ ఉన్న ఆపరేటర్ పక్కనే ఉండి నడిపిస్తాడు.

ఒక్క చిక్కు చెబుతాను. కేంద్రంలో గడియారం గ్రీన్‌విచ్ టైము ప్రకారం నడుస్తుంది. వాళ్ళు పొద్దున్న ఆరింటికి లేస్తే మనకు పదకొండున్నర. మీ బడిలో ప్రార్థన జరిగే వేళకి వాళ్ళు మంచి నిద్రలో ఉంటారు. అందుకని నేరుగా మాట్లాడాలంటే, వాళ్ళు మేలుకుని ఉండి, ఖాళీగా ఉండి, మన నెత్తి మీద ఉన్న పది నిమిషాలు వెతకాలి. బెంగళూరు కార్యక్రమం మధ్యాహ్నం పూట పడటం చూడండి.

ఆ ఐదున్నర గంటల తేడా నాకు బాగా గుర్తుండిపోయింది. చాలా ఏళ్ళ కిందట, బళ్ళో పనిచేస్తున్నప్పుడు, అంతరిక్ష కేంద్రం నుంచి బొమ్మలు పంపుతున్నారని తెలిసి పన్నెండు మంది పిల్లలను మా డాబా మీదికి తీసుకెళ్ళాను. బొమ్మను చప్పుడుగా మార్చి పంపిస్తారు, మనం విని మళ్ళీ బొమ్మగా మార్చుకోవాలి. మేస్త్రీలు వాడే స్టీలు టేపు ముక్కలు కోసి, పీవీసీ గొట్టానికి బిగించి పిల్లలే యాంటెన్నా చేశారు. మూడొందల్లో అయిపోయింది. అంతా నిలబడ్డాం. ఏమీ రాలేదు. అరగంటయ్యాక ఒకడు మెల్లగా 'వెళ్ళిపోయిందా సార్?' అన్నాడు. పట్టికలో ఇచ్చింది గ్రీన్‌విచ్ టైము, నేను ఐదున్నర గంటలు కలపడం మరిచిపోయాను. ఆ పిల్లల ముఖాలు చూసి ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు సరైన వేళకి మళ్ళీ ఎక్కాం. నైరుతి మూల కొబ్బరి చెట్ల మీదుగా ముందు గరగర, తర్వాత ఎవరో సన్నాయి శ్రుతి చేస్తున్నట్టు వింత రాగం. ఒక పాప యాంటెన్నా పట్టుకుని రాగం ఎటు బలంగా ఉంటే అటు తిరుగుతోంది. ఒక్కో బొమ్మకి రెండు నిమిషాలు పడుతుంది. ఫోను తెర మీద గీత కింద గీత దిగుతూ గగారిన్ ముఖం వచ్చింది. సగం గీతలు చెరిగిపోయాయి. అయినా ఆ చెరిగిన బొమ్మనే ప్రింటు తీసి తరగతి గోడకి అంటించుకున్నారు.

కాబట్టి టీచరమ్మా, దరఖాస్తుతో మొదలుపెట్టకండి. వినడంతో మొదలుపెట్టండి. దగ్గర్లో ఉన్న హ్యామ్‌ని వెతికి, ఒక సాయంత్రం సెట్టుతో బడికి రమ్మనండి. ఎవరూ దొరక్కపోతే ఇంటర్నెట్‌లో అందరూ వినడానికి పెట్టిన రిసీవర్లు ఉన్నాయి, ఫోనులో వినొచ్చు. దేశం నడుమ ఉన్న ఊరికి కేంద్రం ఢిల్లీ మీద ఉన్నా వినపడుతుంది, శ్రీలంక మీద ఉన్నా వినపడుతుంది. రెండు వేల కిలోమీటర్ల అవతల నుంచే దిగంతం మీద లేస్తుంది మరి. మీ పిల్లలు నెల రోజులు అలా విని, ఏ పాస్ ఎటు నుంచి వస్తుందో వాళ్ళే చెప్పే స్థితికి వస్తే, దరఖాస్తులో రాయాల్సింది దానంతట అదే పుట్టుకొస్తుంది.

ఇక ప్రశ్నలు. ఇది అన్నిటికంటే ముఖ్యం. పదిహేను ఇరవై మంది పిల్లలు వరసలో నిలబడతారు, ఒక్కొక్కరికి ఒక్క ప్రశ్న. దయచేసి ఆ ప్రశ్నలు మీరు రాసి ఇవ్వకండి. మేము ఒకసారి ఉత్తుత్తి సంభాషణ పెట్టాం. ఊరి అవతలి చివర నా మిత్రుడు, ఆయనా హ్యామే, వ్యోమగామిలా కూర్చున్నారు. పిల్లలు తెచ్చిన ప్రశ్నల్లో ముప్పావు వంతు 'మీరు ఏం తింటారు, ఎలా నిద్రపోతారు' లాంటివే. పుస్తకంలో ఉన్నవే. ఒక ఎనిమిదో తరగతి పిల్ల మాత్రం చీటీ దాచుకుని ఇవ్వలేదు. బలవంతం చేస్తే చూపించింది: 'మీకు కలలో కింద పడిపోతున్నట్టు వస్తుందా?' తప్పు ప్రశ్నేమో అని భయపడిందట. బరువు తెలియని చోట మనిషి మెదడు పడిపోవడాన్ని మరిచిపోతుందా అని కదా ఆ పిల్ల అడుగుతున్నది! అలాంటి ప్రశ్న పుట్టేదాకా ఆగండి. వరసలో ఆ పిల్లని ముందు నిలబెట్టండి, ఎందుకంటే చివర్లో ఉన్నవాళ్ళకి సిగ్నల్ పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మాది తెలుగు మీడియం సార్. ఇంగ్లిష్‌లో అడగాలంటే నోరు రాదు. తెలుగులో మాట్లాడకూడదా?
– పదో తరగతి విద్యార్థి, ఉట్నూరు

జవాబు: ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలన్న నియమం ఏమీ లేదు బాబూ. ఫ్రాన్స్ పిల్లలు ఫ్రెంచిలో, ఇటలీ పిల్లలు ఇటాలియన్‌లో, జపాన్ పిల్లలు జపనీస్‌లో వాళ్ళ వ్యోమగాములతో మాట్లాడుకున్నారు. పైన ఉన్నవాళ్ళకి ఆ భాష వస్తే చాలు. మన మూలాలున్న అమెరికా వ్యోమగామి రాజాచారి, వాళ్ళ నాన్నగారు హైదరాబాద్‌లో ఉస్మానియాలో చదివారు, 2021 నవంబర్ నుంచి ఆరు నెలలు ఆ కేంద్రంలో ఉన్నారు. తెలుగు మీడియంలో చదివిన వాళ్ళెవరైనా ఒకరు అక్కడికి వెళ్తే ఆ రోజు అంతా తెలుగులోనే జరుగుతుంది. ఆ ఒకరు నువ్వే ఎందుకు కాకూడదు?

ఈలోపు ఇంగ్లిష్ గురించి చెప్తాను. రేడియోలో గొప్ప ఇంగ్లిష్ పనికిరాదు, నిజంగా. గరగరలో వేగంగా, స్టయిల్‌గా మాట్లాడితే ఎవరికీ అర్థం కాదు. చిన్న వాక్యం, మాటకీ మాటకీ మధ్య సందు, చివర 'ఓవర్'. అంతే. జపాన్‌లో ఒకడు, రష్యాలో ఒకడు, నేను రాజమండ్రిలో. ముగ్గురి ఇంగ్లిషూ మూడు రకాలు. అయినా ఇన్నేళ్ళలో ఒకరి మాట ఒకరికి తెలియని రోజు లేదు.

నీ ప్రశ్నని ముందు తెలుగులోనే రాసుకో. ఎందుకు అడగాలనిపించిందో అది కూడా రాసుకో. తర్వాత పది మాటలు దాటకుండా ఇంగ్లిష్‌లోకి మార్చు. మైకు బదులు ఒక గ్లాసు పట్టుకుని, తరగతికి అటు చివర స్నేహితుణ్ణి నిలబెట్టి, ఫ్యాను పెద్దగా తిరుగుతుండగా అడుగు. వాడికి వినపడితే అంతరిక్షంలో కూడా వినపడుతుంది. ఆ ప్రశ్న ఏమిటో నాకూ రాసి పంపు, వచ్చే నెల ఈ పేజీలో మొదటిది అదే వేస్తాను.